నలభై ఒకటో బండ

నాకు అన్నింటికంటే పెద్ద భయం, నా కూతురు చెంగల్వ నలభై ఒకటో బండ అవుతుందని.

చావంటే నాకు భయం లేదు. మాంత్రికుడు ధూమకేశుడన్నా లేదు, వాడి మీద ఉన్నది కసి. నలభై రోజులుగా ఆ కసి మింగలేక, కక్కలేక తిరుగుతున్నాను. కానీ చెంగల్వకు ఇంకా రెండేళ్లు నిండలేదు. "అమ్మా" అనడం వచ్చు, "వద్దు" అనడం వచ్చు. ఎవరైనా దాన్ని చూసి "నువ్వు రాయివి" అంటే పకపకా నవ్వుతుంది.

సంగతి మొదటి నుంచీ చెప్తాను. నా పేరు కెంపమ్మ. మా ఆయన సింగన్న బండలు పరిచే పనివాడు. మాది వజ్రకుంభ రాజ్యం. మా రాజ్యంలో కొత్త రాజు గద్దెనెక్కే ముందు నాగమంటపాన్ని తూర్పుకు కొంత, దక్షిణానికి కొంత పెంచాలి. అది తరతరాల ఆనవాయితీ. పాత మంటపం పొడుగు పది బండలు, వెడల్పు ఏడు బండలు. కుముదసేన మహారాజు కోసం పొడుగున మూడు బండలు, వెడల్పున రెండు బండలు పెంచారు. నేలంతా తవ్వి, మంత్రించిన నల్లబండలు పరచమన్నారు. ఆ నల్లబండ మీద పగ పట్టిన మనిషి కాలు మోపితే అరికాలి నుంచి నడినెత్తి దాకా మాడి మసైపోతాడు. రాజుకు అంతకంటే కాపలా ఏం కావాలి?

మా రాజ్యంలో ఇంకో పట్టింపు కూడా ఉంది. పాతనూ కొత్తనూ కలపరు. పాత కుండలో కొత్త బియ్యం వండరు. పాత మగ్గం మీద కొత్త నూలు ఎక్కించరు. చివరికి లెక్కలో కూడా అంతే. రాజగురువు ధూమకేశుడు బండల లెక్క ఎలా కట్టాడంటే, పాత పదిని పాత ఏడుతో హెచ్చవేశాడు, ఏడు పదులు డెబ్భై. కొత్త మూడుని కొత్త రెండుతో హెచ్చవేశాడు, మూడు రెళ్లు ఆరు. మొత్తం డెబ్భై ఆరు బండలు మంత్రించి ఇచ్చాడు. కొలువులో ఉన్న పండితులందరూ తలలూపారు.

సింగన్న డెబ్భై ఆరూ పరిచాడు. ఆ రోజు నేను చంకలో పిల్లతో, నెత్తిన సద్దిమూటతో మంటపానికి వెళ్లాను. మా ఆయన చేతులు కట్టుకుని ధూమకేశుడి ముందు నిలబడి ఉన్నాడు.

"అయ్యా, పాత మంటపం మేర నిండింది. ఆగ్నేయం మూల కొత్త ముక్కా నిండింది. కానీ రెండు పట్టీలు మట్టి నేలగానే ఉండిపోయాయి."

"ఎందుకుంటాయిరా? నా లెక్కకు తిరుగుందా?"

"పాత పది కొత్త రెండుతో కలిసిన చోట, దక్షిణాన, ఇరవై బండలు కావాలయ్యా. కొత్త మూడు పాత ఏడుతో కలిసిన చోట, తూర్పున, ఇరవై ఒకటి కావాలి. మొత్తం నలభై ఒకటి తక్కువ. తమరే చూడండి, మట్టి కనబడుతోంది కదా."

పండితుల్లో ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వే మా కొంప ముంచింది.

ధూమకేశుడి జుట్టు నిలువునా లేచి పొగలు కక్కింది. "పాతకూ కొత్తకూ పొత్తు కలుపుతావురా, రాళ్లు మోసే వెధవా? తక్కువైందన్నావుగా. నువ్వే పడుండు అక్కడ. నువ్వు రాయివి!"

ఆ మంటపంలో నిలబడి ధూమకేశుడు ఎవరిని ఏమంటే వాళ్లు అది అయి తీరుతారు. అదీ వాడి మంత్రం బలం. సింగన్న చేతిలో సుత్తి కింద పడింది. మనిషి ఉన్నవాడు ఉన్నట్టే నలుచదరంగా, నల్లగా, చాపలా నేలకు పరుచుకుపోయాడు. నేను స్తంభం వెనక చెంగల్వ నోరు మూసి పట్టుకున్నాను. అది నా అరచెయ్యి కొరికింది. అయినా వదల్లేదు.

ఆ తర్వాత తప్పు ఒప్పుకోవడం ఇష్టం లేక, వాడు రోజుకొక రాతిపనివాడిని కళ్లకు గంతలు కట్టించి మంటపానికి తెప్పించాడు. రోజుకొక బండ. ముందు తూర్పు పట్టీలో ఇరవై, తర్వాత దక్షిణం పట్టీలో ఇరవై. తూర్పు పట్టీలో ఒక్క గుంట మాత్రం కావాలనే మిగిల్చాడు. పట్టాభిషేకం నాడు సరిగ్గా మధ్యాహ్నం ఆ గుంట నింపుతాడట. "తప్పు పట్టినవాడి ఇంటి నుంచే ఆఖరి బండ రావాలి" అన్నాడట. మొన్న భటులొచ్చి ఉయ్యాల్లోంచి పిల్లను ఎత్తుకుపోయారు.

ఇవాళే పట్టాభిషేకం.

తెల్లారేసరికి నేను కెంపమ్మను కాదు. మేక వెంట్రుకలతో మీసం, కొప్పు విప్పి పిలక, నుదుట గంధం, చంకలో తాటాకుల కట్ట, చెవి సందున గంటం. ముత్యాల దీవి నుంచి వచ్చిన అపరాజిత భట్టుని. పట్టాభిషేకం రోజున పరదేశపు పండితుడు ఒక్క ప్రశ్న అడగవచ్చు, జవాబు వచ్చేదాకా వాడిని ఎవరూ ముట్టకూడదు. అదొక్కటే ఆ కోటలో నాకున్న సందు.

కోట చుట్టూ నిప్పునీళ్ల కందకం. నీలి మంటలు అలలై లేస్తుంటే, ఆ అలల్లో ఎముకల చేపలు ఎగిరిపడుతున్నాయి. కందకం మీద ఒకే ఒక తాళ్ల వంతెన. వంతెన కొసన గుండోదరుడనే రాక్షసుడు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. తాటిచెట్టంత మనిషి. ఒక్కో దంతం రోకలంత ఉంది. పొట్ట మాత్రం లోపలికి పోయి, ఉతికి పిండిన గుడ్డలా ఉంది.

"ఏయ్ పంతులూ! ఎక్కడికి? పొద్దుట్నుంచీ పదిమంది పండితుల్ని మింగాను. ఒక్కడిలోనూ కండ లేదు. నీలో కూడా లేనట్టుందే?"

"నాలో ఏముంది బాబూ, తాటాకులు తప్ప. నీకు కోటలో తిండి పెట్టరా?"

"పెడతారు. నిండదు." వాడు పొట్ట నిమురుకున్నాడు. "కొలువులో చేరినప్పుడు సంగటి ముద్దలు అయిదు వరసలు, వరసకు నాలుగు పెడతామన్నారు. పోయినేడు నేను దొంగల గుంపును పట్టిచ్చానని రెండు వరసలు పెంచారు, వరసకు ఒక ముద్ద పెంచారు. పెంచినప్పటి నుంచీ ఇంకా ఆకలిగా ఉంటోంది. ఏదో చేతబడి చేశారు."

"రోజుకు ఎన్ని ముద్దలు వస్తున్నాయి?"

"ఇరవై రెండు. పాత ఇరవై, కొత్త రెండు."

నాకు నవ్వొచ్చింది. మరుక్షణంలో ఒళ్లు మండింది. మా ఆయనను తిన్న లెక్కే ఇది.

నేను బడికి పోయింది ఎక్కాల వరకే. పన్నెండో ఎక్కంలో ఉండగా మాన్పించి రాళ్లు మోయడానికి పంపారు. పెద్ద పెద్ద సూత్రాలు నాకు రావు. కానీ పెళ్లయ్యాక సింగన్న పొయ్యి బొగ్గుతో నేల మీద గీసి చూపించేవాడు. నేనూ అలాగే వంతెన పలక మీద గంటంతో ఒక చదరం గీశాను. నిలువున ఒక గీత, అడ్డంగా ఒక గీత. నాలుగు గదులయ్యాయి.

"ఇటు చూడు బాబూ. పైన అయిదు, దాని పక్కన రెండు. ఇవి నీ వరసలు. ఈ పక్కన నాలుగు, దాని కింద ఒకటి. ఇవి వరసకు పెట్టే ముద్దలు. మొదటి గదిలో అయిదు నాలుగులు ఇరవై. అది పెట్టారు. ఈ చివరి గదిలో రెండొకట్లు రెండు. అదీ పెట్టారు. మరి ఈ రెండు గదులూ ఖాళీగా ఉన్నాయేం? పాత వరసలు అయిదింటికీ ఒక్కో ముద్ద పెరగాలిగా? అయిదు. కొత్త వరసలు రెండింటిలో నాలుగేసి ఉండాలిగా? ఎనిమిది."

వాడు వేళ్లు మడిచాడు. ఒక చేతివి అయిపోయి రెండో చేతివి, అవీ అయిపోయి కాలివేళ్లు.

"పదమూడు?"

"పదమూడు. ఏడు వరసలు, వరసకు అయిదు, ముప్ఫై అయిదు ముద్దలు రావాలి నీకు. ఇరవై రెండు పెట్టి చేతులు కడుక్కుంటున్నారు. రోజూ. ఏడాదిగా."

గుండోదరుడు గీతల మీదికి వంగి నాలుగు గదులూ వేలితో తడిమాడు. తర్వాత వాడి ఒంటికంట్లోంచి కుండెడు నీళ్లు జారాయి. "నేనింకా నా కడుపే పాపిష్టిదనుకున్నాను, పంతులూ."

"నీ కడుపు మంచిదే. లెక్క కట్టినవాడు పాపిష్టివాడు."

"ఎవడు వాడు?"

"ధూమకేశుడు."

వాడు గద లాక్కుని లేచాడు. వంతెన ఊగిపోయింది. నేను వాడి కాలి బొటనవేలు పట్టుకుని వేలాడాను. "ఇప్పుడు కాదు! మధ్యాహ్నం నగారా మోగనీ. అప్పుడు ముందు వంటశాల, ఆ తర్వాత నీ ఇష్టం. నీ పగలో నా పగ కూడా ఉంది. చెడగొట్టకు."

"నీకేం బాకీ పెట్టాడు పంతులూ?"

"ఒక మొగుడు, ఒక కూతురు."

వాడు నా మీసం వంక అనుమానంగా చూశాడు. ఏమనుకున్నాడో, పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

నాగమంటపం! నూట ఎనిమిది వైడూర్య స్తంభాలు, ఒక్కో స్తంభానికి చుట్టుకున్న పసిడి నాగుపాము, ఒక్కో పడగ మీద కోడిగుడ్డంత కెంపు. కప్పు నుంచి వేలాడే ముత్యాల జాలర్లు గాలికి కదిలితే వాన పడుతున్నట్టు చప్పుడు. మల్లెల వాసన, సాంబ్రాణి పొగ, వీణల మోత. పాత మంటపం నడుమ దంతపు సింహాసనం మీద కుముదసేన మహారాజు. మీసం కూడా రాని కుర్రాడు, కిరీటం బరువుకు మెడ వాలిపోతోంది. ఆగ్నేయం మూల, కొత్త ముక్కలో, పులితోలు పరుచుకుని ధూమకేశుడు. వాడి జుట్టు లోంచి సన్నగా పొగ. గోళ్లకు కాటుక, కళ్లకు ఎర్ర జీర.

కింద నేల వంక చూశాను. డెబ్భై బండలు ఒక ముక్క, ఆరు బండలు ఒక ముక్క, రెండూ అద్దాల్లా మెరుస్తున్నాయి. నా అరికాళ్లకు ఆ మెరుపు దూరం నుంచే చురుక్కుమంటోంది. పగ పట్టినదాన్ని, నాకు వాటి మీద చోటు లేదు. కానీ పడమటి వాకిలి నుంచి మొదలై దక్షిణం అంచు పొడవునా ఉన్న పట్టీ మెరవడం లేదు. అది మంత్రించిన రాయి కాదు. మనుషులు.

ఆ పట్టీ మీద అడుగు పెట్టాను. కాలలేదు. ఒక్కో అడుగుకూ లోపల్లోపలే "తప్పు అన్నా, క్షమించు అన్నా" అనుకుంటూ నడిచాను. ఎవరు ఏ బండో నాకూ తెలియదు. ఒక్క సింగన్న ఏ బండో తెలుసు. తూర్పు పట్టీలో, దక్షిణం కొస నుంచి మూడో వరస, నడిమి బండ. దూరం నుంచి అటు చూడలేదు. చూస్తే మీసం పెట్టుకున్న మొహం ఏడ్చేస్తుంది.

"ఆ మైల పట్టీ మీద నడుస్తాడేంటయ్యా ఈయన?" అన్నాడు ఒక పండితుడు.

"దీవుల వాళ్లకు శుచీ శుభ్రం ఎక్కడిది?" అన్నాడు పక్కవాడు.

పట్టీ చివర, పదో బండ మీద ఆగాను. ఎదురుగా ఆరు బండల ముక్కలో ధూమకేశుడు, నాకూ వాడికీ మధ్య రెండు బారలు. ఎడమ పక్కన పాత మంటపం. ఏటవాలుగా తూర్పు పట్టీ. నాలుగు ముక్కల మూలలూ నా కాలి దగ్గరే ఒక్క చుక్కలో కలుస్తున్నాయి. ఆ చుక్కకు అవతల, గుంట పక్కన, ఇద్దరు భటులు తాళ్లు కట్టిన వెదురుబుట్ట పట్టుకుని నిలబడ్డారు. బుట్టలో చెంగల్వ బొటనవేలు చీకుతోంది.

నన్ను చూసింది. వేలు తీసింది.

"అమ్మా!"

వీణలు ఆగిపోయాయి. ధూమకేశుడు మెల్లగా తల తిప్పాడు.

"ఏమయ్యా భట్టూ? పిల్ల నిన్ను అమ్మా అంటోందేమిటి?"

మీసం మెలేశాను. "ఆకలైన పిల్లకు ఎవరైనా అమ్మేనండీ. ఇందాక మీ ద్వారం దగ్గర రాక్షసుడు కూడా నన్ను చూసి అన్నమనుకున్నాడు."

కొలువంతా నవ్వింది. ధూమకేశుడు నవ్వలేదు, కానీ నగారా దగ్గరివాడికి కనుసైగ చేశాడు. మధ్యాహ్నమైంది. మా రాజ్యంలో రాజు కిరీటం పెట్టుకున్నాక గురువు మంటపంలో నిలబడి బండల లెక్క మూడుసార్లు చాటాలి. అది చాటితే గానీ రాజ్యం రాజుది కాదు. నేను కాచుకున్నది ఆ చాటింపు కోసమే.

నగారా మోగింది. ధూమకేశుడు లేచి చేతులెత్తాడు.

"ఈ నాగమంటపంలో ఉన్న బండలు డెబ్భై ఆరు! ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు! నా మాట తప్పయితే నా మంత్రం నన్నే కాల్చుగాక!"

ఒకసారి. రెండుసార్లు. మూడోసారి చాటుతూనే బుట్ట దించమని భటులకు వేలు చూపించాడు. తాళ్లు జారుతున్నాయి. చెంగల్వ "వద్దు, వద్దు" అంటోంది.

"ఆగండి!" అని అరిచాను. "పరదేశిని. నాదొక్క ప్రశ్న!"

"తర్వాత" అన్నాడు ధూమకేశుడు.

"ఇప్పుడే అడగనివ్వండి గురువుగారూ, అది ఆనవాయితీ కదా" అన్నాడు కుర్ర మహారాజు, పాపం అమాయకంగా.

బుట్ట సగం దిగింది. అటు చూస్తూనే నా కాళ్ల కింద వరసలకు వేలు చూపించాను.

"నేను నిలబడ్డ ఈ పట్టీలో ఇరవై ఉన్నాయి. అయ్యా, ఇవి బండలా, కావా?"

కొలువంతా మెడలు చాచి నా కాళ్ల కిందికి చూసింది.

ధూమకేశుడికి అర్థమైంది. వాడి మొహంలో రక్తం దిగిపోవడం నా కళ్లారా చూశాను. బండలే అంటే డెబ్భై ఆరు తప్పు, వాడి మంత్రం వాడినే కాలుస్తుంది. బండలు కావంటే, ఆ మంటపంలో వాడు అన్నది అయి తీరాలి.

"పిచ్చి ప్రశ్న" అన్నాడు.

"మహారాజా, జవాబు రాలేదు."

"చెప్పండి గురువుగారూ. నాకూ ఎప్పట్నుంచో అనుమానమే, ఇవేమిటని" అన్నాడు రాజు.

ధూమకేశుడి పాదాల కింద బండలు ఎర్రబడుతున్నాయి. ప్రశ్న పడ్డాక ఊరుకున్నా కాలుతోంది. పులితోలు అంటుకుంది. వాడు ఒంటికాలి మీద ఎగిరాడు.

"ఏం గురువుగారూ, ఏడు పదులు డెబ్భై, మూడు రెళ్లు ఆరు, మిగతా రెండు గదులూ ఎవరికి ఎగ్గొట్టారు?" అంటూ నేను మీసం పీకి వాడి మొహాన కొట్టాను. "సింగన్న పెళ్లాన్ని రా! చెప్పు! వీళ్లు రాళ్లా, మనుషులా?"

"ఈ ఇరవై బండలు కావు! మనుషులు! మనుషులు!" అని గావుకేక పెట్టాడు.

నా కాళ్ల కింద నేల ఊపిరి పీల్చింది. నల్లటి బండల్లోంచి చేతులు, భుజాలు, దుమ్ము కొట్టిన తలలు పైకి లేచాయి. ఎవరి భుజం మీదో నేనున్నాను. ఆ భుజం నన్ను పైకి ఎగదోసింది. అదే ఊపులో నాలుగు మూలలు కలిసే చుక్క మీదుగా ఏటవాలుగా దూకాను. ఎడమకు పడితే డెబ్భై, కుడికి పడితే ఆరు, ఎటు పడినా బూడిదే. పంచె కొస కుడివైపు తగిలి భగ్గుమంది. పాదం మాత్రం తూర్పు పట్టీ మీద పడింది. ఒక భటుడిని తలతో కుమ్మాను. రెండోవాడు తాడు వదిలేశాడు. బుట్ట గుంటలో పడబోతుంటే పట్టుకుని లాగాను. చెంగల్వ నా మెడ చుట్టూ చేతులు వేసి, మీసం జిగురు అంటిన నా పెదవి మీద కొట్టింది.

దాన్ని వీపుకు కట్టుకునేదాకా నాకు ఇంకేమీ తోచలేదు.

ఆ తర్వాత తోచింది. నేను ఒక్క పట్టీ గురించే అడిగాను. నాలుగు గదుల్లో ఒకటి వదిలేశాను. ఈసారి వదిలేసింది ధూమకేశుడు కాదు, నేను. సింగన్న నా కాళ్లకు మూడు బండల దూరంలో అలాగే పడి ఉన్నాడు.

"ఇవీ చెప్పరా! ఈ తూర్పు ఇరవై!" అని తిరిగాను.

వాడు లేడు. ఆ ఇరవై ఇంకా రాళ్లే కాబట్టి వాడి లెక్క ఇంకా తప్పే, మంత్రం వాడిని కాలుస్తూనే ఉంది. మంటపం దాటితే మంత్రానికి పట్టు లేదు. కాలుతున్న కుచ్చిళ్లతో వాడు మెట్ల మీదుగా బయటికి ఉరుకుతున్నాడు. ఈలేశాడు. ఆకాశం లోంచి ఇంటి కప్పంత రెక్కలతో ఒక గద్ద దిగింది. అదే క్షణంలో ఉత్తరపు గోడ పగిలి, కాళ్లు బయటే ఉంచి, గుండోదరుడు నడుము దాకా లోపలికి దూరాడు. ఒక చేతిలో సంగటి గుండిగ, ఇంకో చేతిలో వంటవాడి జుట్టు. "పదమూడు! పదమూడు!" అని గర్జిస్తున్నాడు. భటులు కిటికీల్లోంచి దూకారు. రాజు సింహాసనం కిందికి దూరాడు.

నేను తూర్పు పట్టీ అంచు దాటి ధూమకేశుడి వెనకే పరిగెత్తాను. వాడిని ముక్కలు చెయ్యాలని నలభై రోజులు కలలు కన్నాను. కానీ ఇప్పుడు చంపకూడదు. వాడిని ప్రాణంతో, నాలుకతో, ఈడ్చుకొచ్చి ఆ మంటపంలో నిలబెట్టి, ఇంకొక్క ముక్క అనిపించాలి. ఆ తర్వాత చూసుకుంటాను వాడి సంగతి. గద్ద లేచింది. నేను ఎగిరి దాని తోక ఈకలు పట్టుకున్నాను. నేల కిందికి జారిపోయింది.

ఇప్పుడు గద్ద వీపు మీద, ఈకల మధ్య బోర్లా పడుకుని ఉన్నాను. చెంగల్వ వీపున నిద్రపోయింది. ముందు, గద్ద మెడ మీద, ధూమకేశుడు కాలిన కాలికి ఉమ్మి రాసుకుంటున్నాడు. నేనున్నానని వాడికింకా తెలియదు. గంటం నా చేతిలోనే, తాటాకుల కట్ట నడుము దోపులోనే ఉన్నాయి. వాడి పిలకకు నాలుగు మూరల దూరం పాకాలి. పాకుతాను. కానీ ఈ లోపల ఈ ఆకులు గీకి కిందికి వదులుతున్నాను. ఎందుకంటే ఇందాక పైనుంచి చూశాను.

లేచిన ఇరవై మందీ గడ్డపారలు అందుకున్నారు. కళ్లకు గంతలతో వచ్చినవాళ్లు, ఎవరు ఎక్కడ రాయి అయ్యారో, తూర్పు పట్టీలో ఇంకా మనుషులే ఉన్నారో లేదో వాళ్లకు తెలియదు. తమను మింగిన ఆ నేలను పలగ్గొట్టాలని పళ్లు కొరుకుతూ పడమటి కొస నుంచి మొదలుపెట్టారు. వాళ్ల కసిని నేను తప్పు పట్టను, నాది మాత్రం ఏం తక్కువ? అరిచాను, గాలికి నా గొంతు నాకే వినబడలేదు.

ఈ ఆకు ఎవరికి దొరికితే వాళ్లు, పొలంలో ఉన్నా పొయ్యి దగ్గర ఉన్నా, దయచేసి నాగమంటపానికి పరిగెత్తండి. తూర్పు పట్టీని ముట్టొద్దని చెప్పండి. అందులో దక్షిణం కొస నుంచి మూడో వరస, నడిమి బండ మా ఆయన. దాని మీద ఎక్కడైనా దెబ్బ పడిందేమో, వంగి, చేత్తో తడిమి, ఒక్కసారి చూడండి.